గాజు తీగల బదిలీలు

కొత్త కమిషనరు కొమరగిరి వైకుంఠరావుగారు పదవిలో చేరిన రోజున యంత్రాల గదిలో ఉన్న తీగలకి ఆ సంగతి తెలీదు. వాటి పాటికి అవి పని చేసుకుంటున్నాయి. తెలిసుంటే తలా ఒక సిఫార్సు ఉత్తరం సంపాదించుకునేవి.

ఆ సంస్థ పేరు రాష్ట్ర పత్ర నిక్షేప సంస్థ. జనం పుట్టిన సర్టిఫికెట్లు, పోయిన సర్టిఫికెట్లు, కులానివి, ఆదాయానివి, అన్నిటినీ ఫొటోలు తీసి బీరువా అంత యంత్రంలో దాచిపెట్టడం దాని పని. ఆ యంత్రం విజయవాడలో ఉంది. ఏ వరదో వచ్చి అది పోతే ఎలాగని, దానికి నకలుగా ఇంకో యంత్రం అనంతపురంలో పెట్టారు. ఇక్కడ దాచిందల్లా అదే క్షణంలో అక్కడికీ వెళ్ళి కూర్చుంటుంది. విజయవాడ యంత్రాన్ని చూసుకునే ఇంజినీరు వకుళ. అనంతపురం యంత్రాన్ని చూసుకునే ఇంజినీరు ఓబులేసు. ఆ ఓబులేసు వకుళ మొగుడు.

పెళ్ళయిన దగ్గర్నించీ వాళ్ళ కాపురం ఇంతే. ముక్కూ మొహం తెలియనివాళ్ళ కుల సర్టిఫికెట్లు రెప్పపాటులో విజయవాడ నించి అనంతపురం చేరిపోతున్నాయి గాని వకుళ చేరలేకపోతోంది. ప్రతి ఏడూ దంపతుల కోటాలో బదిలీకి అర్జీ పెట్టుకోవడం, ప్రతి ఏడూ పరిపాలనాధికారి పరాంకుశంగారు కళ్ళజోడు తుడుచుకుంటూ ఒకటే మాట అనడం మామూలైపోయింది.

“మీ ఇద్దరి మధ్యా లింకు ఉంది కదమ్మా. అదీ ఫైబరు. ఈ శాఖలో ఇంకే మొగుడూ పెళ్ళాలకి ఉంది చెప్పు, ఆ సదుపాయం?”

కొత్త కమిషనరుగారు బదిలీల మీద ప్రాణం పెట్టే మనిషని విని వకుళ సంబరపడిపోయింది. ఒకే చోట ఐదేళ్ళు దాటి ఎవరున్నా ఆయనకి నిద్ర పట్టదట. వెనకటి ఆఫీసులో గోడ గడియారాన్ని కూడా తూర్పు గోడ మీంచి పడమటి గోడకి బదిలీ చేశారట. కొత్త చోట అది ఆగిపోతే, పనిలో అలసత్వం కింద సస్పెండు చేశారట. ఇలాంటి మహానుభావుడు తనని అనంతపురం పంపకుండా ఎలా ఉంటాడని వకుళ కొత్త అర్జీ రాసి పర్సులో పెట్టుకుంది.

కమిషనరుగారు తనిఖీకి వచ్చారు. గది గుమ్మంలో చెప్పులు విప్పి, ఏసీ చలికి శాలువా కప్పుకుని, గర్భగుడిలో అడుగుపెట్టినంత భక్తిగా లోపలికొచ్చారు. వెనకాల పరాంకుశంగారు.

“ఏంటమ్మా ఈ నీలం తీగలు?”

“ఫైబరు కేబుళ్ళండి. లోపల గాజు పోగులుంటాయి. సర్వర్ల నించి ఈ స్విచ్చిలోకి, స్విచ్చి నించి బీరువాలోకి వెళ్తాయి. సమాచారమంతా వెలుగు రూపంలో పోతుందండి.”

“మరి ఈ చిల్లులు?”

“పోర్టులండి. ఒక్కో తీగ కొసకి ఒక్కో పోర్టు. పక్కన ఆకుపచ్చ దీపం వెలిగితే అటూ ఇటూ లింకు కుదిరినట్టు.”

కమిషనరుగారు వంగి ఒక తీగని వేలితో తట్టారు. “ఇది ఈ పోర్టులో ఎంతకాలమై ఉంటోంది?”

వకుళ గర్వంగా చెప్పింది. “యంత్రం వచ్చిన నాటి నించీ అండి. ఆరేళ్ళు దాటింది. ఒక్కసారి కదిపిన పాపాన పోలేదు.”

“ఆరేళ్ళు!” అన్నారు కమిషనరుగారు. “ఒకే సీటు!”

పరాంకుశంగారు తప్పు తన ఇంట్లోనే జరిగినట్టు తలొంచుకున్నారు.

“అది గాజండి సార్,” అంది వకుళ.

“గాజైతే మాత్రం? పాతుకుపోతే ఎవరికైనా పరిచయాలు పెరుగుతాయి. ఆ సర్వరు ఏమిస్తే అది కిమ్మనకుండా మోసుకుపోవడం దీనికి అలవాటైపోయింది. ఇదేంటి, ఇది ఎవరిది అని ఒక్కసారైనా అడిగిందా?”

“అడగదండి.”

“చూశారా పరాంకుశం! కుమ్మక్కు ఎక్కడిదాకా వెళ్ళిందో!” కమిషనరుగారు శాలువా బిగించుకున్నారు. “అది సరే, ఒక్కో సర్వరుకీ రెండేసి తీగలు దేనికి?”

“ఒకటి ‘ఎ’ స్విచ్చికి, రెండోది ‘బి’ స్విచ్చికండి. మా దగ్గర ‘ఎ’ దారే పని చేస్తుంది. అది పోతే ‘బి’ అందుకుంటుంది.”

“అందాకా?”

“ఊరికే ఉంటుందండి. సిద్ధంగా.”

“అంటే పైవాడు ఎప్పుడు పోతాడా, ఆ కుర్చీలో ఎప్పుడు కూర్చుందామా అని కాచుకుని ఉంటుందన్నమాట.”

కమిషనరు కుర్చీ ఖాళీగా ఉన్నన్నాళ్ళూ ఇన్‌చార్జిగా ఏలిన పరాంకుశంగారికి ఎందుకో దగ్గొచ్చింది.

ఆ సాయంత్రమే ఉత్తర్వు వెలువడింది. “ఇందుమూలముగా సంస్థలోని సమస్త అనుసంధాన తంతువులకు తెలియజేయునది ఏమనగా, ఒకే పోర్టునందు ఐదు సంవత్సరముల సేవ పూర్తిచేసిన తంతువులన్నియు పారదర్శక కౌన్సెలింగు ద్వారా స్థానచలనమునకు పాత్రములగును.” ఉత్తర్వు ప్రతిని ప్రతి తీగకీ అందజేయమన్నారు. తీగలు సంతకం పెట్టలేదు. కాబట్టి అవి నోటీసు తీసుకోవడానికి నిరాకరించాయని రాసుకుని, పద్ధతి ప్రకారం ఒక ప్రతి యంత్రాల గది తలుపుకి అంటించారు.

అంతవరకూ వకుళ నవ్వుకుంటూనే ఉంది. ఉత్తర్వు అడుగున చిన్న ముక్క చదివాక నవ్వు పోయింది. ఈ ఏడాది బదిలీలకి ప్రభుత్వం ఇచ్చిన గడువంతా తీగల కౌన్సెలింగుకే సరిపోతుంది గనక, ఉద్యోగుల బదిలీలు వచ్చే ఏటికి వాయిదా వేయడమైనది అని ఉంది. పర్సులో అర్జీ పర్సులోనే ఉండిపోయింది.

ఉద్యోగ సంఘం నాయకుడు భుజంగరావు ఆఫీసు దద్దరిల్లేలా అరుచుకుంటూ వచ్చాడు. “మనుషుల్ని పక్కనపెట్టి వైర్లకి బదిలీలేంటండీ! ధర్నా చేస్తాం! టెంటు వేస్తాం!” కమిషనరుగారు ఆయన్ని లోపలికి పిలిచి కాఫీ ఇప్పించారు. సంఘం ఆఫీసు బేరర్లకి బదిలీ నుంచి ఎప్పుడూ మినహాయింపు ఉంటుంది కదా, తీగల్లో కూడా రెండిటికి ఆ గౌరవం ఇద్దాం, ఏ రెండో మీరే చెప్పండి అన్నారు. భుజంగరావు బయటికొచ్చేసరికి మొహం వెలిగిపోతోంది. జీతాల సర్వరు తీగ ఒకటీ, క్యాంటీన్ సర్వరు తీగ ఒకటీ సంఘం ఉపాధ్యక్షులయ్యాయి. రెండిటికీ దండలు వేసి ఫొటో తీయించుకున్నాడు.

తరవాత కమిటీ కూచుంది. కమిటీ అంటే కమిషనరుగారూ, పరాంకుశంగారూ, సాంకేతిక సలహాకి వకుళా. ఎక్కువ వంచితే లోపలి గాజు దెబ్బతిని వెలుగు కారిపోతుందని వకుళ చెప్పగానే, వంగిన తీగలన్నిటికీ వైద్య కారణాల కోటా ఇచ్చారు. ఖాళీ పోర్టులకి దుమ్ము పడకుండా పెట్టే రబ్బరు మూతల్ని చూసి, ఇన్ని ఖాళీలు దాచిపెట్టారా అని కమిషనరుగారు మండిపడి, మూతలు తీసి ఖాళీల్ని బహిరంగంగా ప్రకటించమన్నారు. ఆనక ఒక తీగ కొసని తెచ్చి బల్ల మీద పెట్టించుకున్నారు.

“ఇదేంటమ్మా, ఒకే తీగకి రెండు నోళ్ళున్నాయి?”

“రెండు పోగులండి. ఒకదాంట్లో చెబుతుంది, రెండోదాంట్లో వింటుంది. రెండూ కలిస్తేనే ఒక లింకు.”

“అంటే దంపతులు!” కమిషనరుగారి కళ్ళు మెరిశాయి.

పరాంకుశంగారు ఫైలు మీంచి తలెత్తారు. “పరిపాలనా సౌలభ్యం కోసం ఒక పోగుని ఇక్కడా, ఒక పోగుని ఇంకోచోటా వేస్తేనో సార్?”

“వెలగదండి,” అంది వకుళ. “చెప్పేవాళ్ళొక చోట, వినేవాళ్ళొక చోట ఉంటే దీపం వెలగదు.”

కమిషనరుగారు కాసేపు కళ్ళు మూసుకున్నారు. నిజంగానే మనసు కరిగింది ఆయనకి. “రాసుకోండి పరాంకుశం. జంటను విడదీసినచోట దీపము వెలగదు. కావున జంటలను ఎట్టి పరిస్థితులలోను ఒకే స్థానమునందు నియమించవలెను. ఇది ఉల్లంఘించరాని సూత్రము.”

ఇంతకంటే మంచి ముహూర్తం దొరకదని వకుళ పర్సులోంచి అర్జీ తీసింది. “సార్, నాదీ అదేనండి. మా ఆయన అనంతపురంలో...”

కమిషనరుగారు అర్జీని తాకకుండానే చదివారు. మెత్తగా నవ్వారు. “మీది వేరమ్మా. అది గాజు. విడదీస్తే విరుగుతుంది. మీరు మనుషులు. మనుషులకి సర్దుకుపోయే స్వభావం ఉంటుంది.”

వకుళ సరేనని లేచి వచ్చేసింది. యంత్రాల గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఆ తీగలన్నీ జంటలు జంటలుగా వెలుగుతుంటే చూడబుద్ధి కాలేదు. ఓబులేసుకి ఫోను చేసింది.

“ఏమ్మా, ఏడుస్తాండావా?” అన్నాడు ఓబులేసు.

“ఏడవట్లేదు. ఒళ్ళు మండిపోతోంది. వాటిని విడదీస్తే విరుగుతాయంట. మనం విరగమంట. ఇన్నేళ్ళూ మనం ఏమయ్యామని వీళ్ళకి? ఎవరైనా మన లోపలికి తొంగి చూశారా?”

ఓబులేసుకి తొందరగా కోపం రాదు, వచ్చేలోపల నవ్వొస్తుంది. “అట్లయితే మనం గూడా తీగలమైపోతే సరిపోతాది గదా,” అన్నాడు.

వకుళ నవ్వబోయి ఆగింది. ఎదురుగా బల్ల మీద లేబుళ్ళు కొట్టే చిన్న మిషను ఉంది. ఆ గదిలో ప్రతి తీగకీ ఒక లేబులుంటుంది, ఒక కొస ఎక్కడుందో రెండో కొస ఎక్కడుందో చెబుతూ. లేబులుంటే అది తీగ, లేకపోతే చెత్త. పరాంకుశంగారి లెక్క కూడా అదే.

“నువ్వు రైలెక్కు,” అంది వకుళ.

కౌన్సెలింగుకి అభ్యర్థులు వ్యక్తిగతంగా హాజరు కావాలని నియమం. అంటే తీగలన్నిటినీ పోర్టుల్లోంచి పీకి మీటింగు హాలుకి తేవాలి.

వకుళ ఆఖరిసారి చెప్పి చూసింది. “అన్నీ ఒకేసారి పీకితే యంత్రం ఆగిపోతుందండి సార్.”

“బదిలీల వల్ల పని ఆగడం ఈ శాఖకి కొత్తా?” అన్నారు కమిషనరుగారు.

పీకారు. యంత్రం ఆగింది. రాష్ట్రమంతటా కౌంటర్ల దగ్గర ‘సర్వర్ డౌన్’ అని చెప్పారు. నిన్నా అదే చెప్పారు, మొన్నా అదే చెప్పారు. జనం ఎప్పటిలాగే రేపొస్తామని వెళ్ళిపోయారు. ఇవాళ చెప్పింది నిజమని ఒక్కరికీ అనుమానం రాలేదు.

హాల్లో ఒక్కో కుర్చీలో ఒక్కో తీగ చుట్ట చుట్టుకుని కూచుంది. మంజూరైన టీలు ఇచ్చి తీరాలి గనక అటెండరు ప్రతి కుర్చీ ముందూ ఒక గ్లాసు పెట్టాడు. వేదిక మీద కమిషనరుగారు విలేకరులకి పారదర్శకత గురించి చెబుతున్నారు. తీగ కన్నా పారదర్శకమైన అభ్యర్థి ఎవరుంటారు, అంతా గాజే కదా అంటున్నారు. కింద బల్ల దగ్గర పరాంకుశంగారు తల వంచుకుని లేబుళ్ళు చదువుతూ, ప్రశ్నలడుగుతూ, ముద్రలు గుద్దుతున్నారు. తీగల తరఫున పొద్దుటి నించీ జవాబులు చెబుతున్నది వకుళే. కోరుకున్న పోర్టేదని మూడుసార్లు అడిగి, తీగ మాట్లాడకపోతే ఇచ్చినదానికి సమ్మతించినట్టు రాసుకున్నారు. ఒక్క తీగ కూడా అభ్యంతరం చెప్పలేదు. ఇంత ప్రశాంతంగా జరిగిన కౌన్సెలింగు తన సర్వీసులో చూడలేదని పరాంకుశంగారు మురిసిపోయారు.

“తరవాత.”

వకుళ మెళ్ళో ఐడీ కార్డు చోట తగిలించుకున్న లేబులు ముందుకు పెట్టింది. పరాంకుశంగారు చదివారు. “ఒక కొస విజయవాడ, రెండో కొస అనంతపురం. అబ్బో, దూరపు లింకే. రకం?”

“జంటండి.”

“పొడవు?”

“ఐదడుగుల రెండంగుళాలండి.”

“అనంతపురం దాకా అదేం చాలుతుందమ్మా?”

“చాలట్లేదనే కదండీ అర్జీ.”

“ఊఁ. ఎక్కడైనా వంగిందా?”

“ఇంతవరకూ లేదండి.”

“ఎప్పుడైనా డౌనయిందా?”

“ఆదివారాలండి. పండగలకి మరీనూ.”

“రెండో పోగేదీ?”

“ఈడనే ఉండా సార్,” అన్నాడు ఓబులేసు, రాత్రంతా రైల్లో నిలబడొచ్చిన గొంతుతో.

ఎవరో అటెండరు అనుకున్నారు పరాంకుశంగారు. “ఇందులో చెప్పేదెవరు, వినేదెవరు?”

వకుళా ఓబులేసూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. “ఇద్దరం చెబుతామండి, ఇద్దరం వింటామండి,” అంది వకుళ. “అలాగైతేనే లింకు.”

“సాంకేతిక వివరాలు నాకొద్దు. జంట గనక ఒకే స్థానం. ‘బి’ స్విచ్చి, పదకొండో పోర్టు.” ముద్ర పడింది. “తరవాత!”

సాయంత్రం ఆ కట్ట మొత్తం మీద కమిషనరుగారు ఆనందంగా సంతకాలు చేశారు.

ఇంక తీగల్ని కొత్త పోర్టుల్లో పెట్టాలి. ఏ పోర్టులో ఉన్న సర్వరు బీరువాలో ఏ అర చూడాలో స్విచ్చి గుర్తుపెట్టుకుంటుంది. ఉత్తర్వు ప్రకారం పెడితే ఎవరి అర ఎవరికీ కనపడదు. అందుకని వకుళా ఓబులేసూ తలుపేసుకుని, తీగల్ని వాటి పాత పోర్టుల్లోనే భద్రంగా గుచ్చి, పోర్టుల పక్కనున్న నంబరు స్టిక్కర్లు ఊడదీసి ఉత్తర్వుకి సరిపోయేలా మార్చి అంటించారు. మొగుడూ పెళ్ళాలు కలిసి ఒక పని చెయ్యడం వాళ్ళకి అదే మొదలు. ఒకళ్ళు గీకుతుంటే ఒకళ్ళు అంటిస్తూ, పడీపడీ నవ్వుకుంటూ చేశారు. దీపాలన్నీ ఆకుపచ్చగా వెలిగాయి. కౌంటర్ల దగ్గర మాత్రం అలవాటు కొద్దీ ఇంకా ‘సర్వర్ డౌన్’ అనే చెబుతున్నారు.

మర్నాడు కమిషనరుగారు తనిఖీకి వచ్చారు. ప్రతి తీగా కొత్త నంబరు దగ్గర వెలుగుతుంటే కళ్ళు చెమర్చాయి. “చూశారా పరాంకుశం, స్థానం మారగానే ఆ వెలుగు ఎంత నిజాయితీగా ఉందో!” అంటూ ముందుకు నడిచి, ‘బి’ స్విచ్చి దగ్గర ఆగిపోయారు.

పదకొండో పోర్టు ఖాళీగా ఉంది. దాని ముందు రెండు కుర్చీలు. కుర్చీల్లో వకుళ, ఓబులేసు. మెళ్ళో లేబుళ్ళు.

“ఏంటిది?”

“డ్యూటీలో చేరామండి,” అంది వకుళ, ఉత్తర్వు చేతికిస్తూ. రెండో చెయ్యి ఓబులేసు చేతిలోనే ఉంది.

పరాంకుశంగారు ఉత్తర్వు చూశారు, ముద్ర చూశారు, కింద సంతకం చూశారు. మొహంలో నెత్తురు చుక్క లేదు. కమిషనరుగారు నోరు తెరవబోతుంటే చెవి దగ్గరికి వంగారు. “రద్దు చేస్తే, కౌన్సెలింగులో మనుషులకీ తీగలకీ తేడా పోల్చుకోలేకపోయామని రాసివ్వాలండి. మొత్తం కౌన్సెలింగే పోతుంది. ఇవాళ పేపర్లో ఫొటో కూడా పడింది. పైగా జంటల సూత్రం... ఉల్లంఘించరానిది అన్నారు తమరు.”

కమిషనరుగారు ఉత్తర్వు కిందున్న తన సంతకాన్ని ఇంకోసారి చూసుకున్నారు.

“అనంతపురం యంత్రాన్ని ఎవరు చూస్తారమ్మా మరి?” అన్నారు పరాంకుశంగారు, ఆఖరి ఆశగా.

“మధ్యన లింకు ఉంది కదండీ,” అంది వకుళ. “అదీ ఫైబరు.”

పరాంకుశంగారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలెట్టారు. కమిషనరుగారు శాలువా సర్దుకుని, గంభీరంగా చెయ్యెత్తి ఆ ఇద్దర్నీ చూపించారు.

“లింకు వెలుగుతోందా చూడండి.”

పరాంకుశంగారు కళ్ళజోడు పెట్టుకుని, వంగి, ముందు వకుళ మొహంలోకీ తరవాత ఓబులేసు మొహంలోకీ తొంగి చూశారు. ఇంతకాలం వకుళ మొహం వైపు సరిగా చూడలేదని ఆయనకి అప్పుడే తెలిసింది. “వెలుగుతోందండి,” అన్నారు చిన్నగా.

కమిషనరుగారు గుమ్మందాకా వెళ్ళి, చెప్పులు తొడుక్కుంటూ వెనక్కి తిరిగారు. ఏదో ఒకటి అనకుండా వెళ్ళిపోతే పదవికి మర్యాద కాదు.

“ఇద్దరికీ కలిపి ఒకటే పోర్టు. ఇరుకు కాదూ?”

“మనుషులం గదా సార్,” అన్నాడు ఓబులేసు. “సర్దుకుపోతాం.”